కాశాచారి ఎడమ కన్ను

నేనొక చేనేత గుడ్డను. మూరన్నర పొడుగు, మూర వెడల్పు. నా మీద చింతగింజల జిగురు మూడు పూతలు, తెల్లసుద్ద రెండు పూతలు, ఆ పైన ఎర్రటి ఇంగిలీకం, ఆ ఎరుపు నడుమ కోటలు కట్టే ఒక మేస్త్రి ముఖం. నా వయసు రెండు వందల డెబ్బై దాటింది. ఆ వయసుకు చాలా బాగున్నానని నా నమ్మకం. మీరు నన్ను చూస్తే కాదనలేరు.

నేను పుట్టింది మూలగట్టు సంస్థానంలో, పటాలు రాసే నకాషీల ఇంట్లో. పుట్టడమంటే మీకు జరిగినట్టు మాకు ఒక్కసారిగా జరిగిపోదు. ముందు గుడ్డను ఉతికి ఆరేస్తారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, సుద్దపొడి కలిపి పూస్తారు. ఆరాక గులకరాయితో రుద్దుతారు. చీమ ఎక్కితే జారిపోయేంత నునుపు వచ్చేదాకా రుద్దుతారు. ఇదంతా ఆడవాళ్ళ పని. దాని మీద గీతలూ రంగులూ మగవాళ్ళవి. అన్నిటికన్నా చివర కళ్ళు. కళ్ళు మాత్రం ఇంటి పెద్ద ఒక్కడే తెరుస్తాడు. తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, ఊపిరి బిగబట్టి రెండు నల్లగుడ్లు దిద్దుతాడు. అంతవరకూ మేం గుడ్డలమే. ఆ రెండు చుక్కలు పడ్డాక బొమ్మలమవుతాం.

నన్ను రుద్దింది ఆ ఇంటి కొత్త కోడలు కనకవ్వ. పెళ్ళయి మూడు నెలలు. ఏం చూసినా ముచ్చట పడే మనిషి. గులకరాయి చల్లగా ఉంటే నవ్వు. జిగురు గిన్నె అంచున ఎండిన పొర గోరుతో లేపితే ముక్కలు కాకుండా మొత్తంగా ఊడి వస్తే నవ్వు. అవతలి గదిలో రంగు నూరుతూ మొగుడు సాంబయ్య పాట తప్పు పాడితే, ఆ తప్పునే ఇవతల తానూ పాడి మళ్ళీ నవ్వు. ఆమె పుట్టింటివాళ్ళూ నకాషీలే. అక్కడ తండ్రి ఆమెకు కుంచె పట్టడం నేర్పాడు. ఇక్కడ కుంచె అడగకూడదని అత్తవారింటికి వచ్చిన మొదటి రోజే తెలిసింది. సాంబయ్యకు ఆ సంగతి మనసులో ఉండిపోయిందేమో, ఉడుత తోక వెంట్రుకలతో ఒక సన్నటి కుంచె కట్టి, బంతిపూల పొట్లంలో పెట్టి ఇచ్చాడు. ఆమె పూలు తలలో పెట్టుకుంది. కుంచెను రవికెలో దాచుకుంది.

ఆ రోజుల్లో సంస్థానాన్ని ఏలుతున్నది లింగమాంబ. ఊరంతా ఆమెను దొరసానమ్మ అనేది. కోటకు కొత్త గవిని కట్టిస్తోంది. గవిని అంటే కోట వాకిలి. అంబారీతో ఏనుగు తల వంచకుండా పోగలిగినంత ఎత్తు కమాను. కట్టేవాడు కాశాచారి. కమాను రాళ్ళన్నీ పేర్చడం అయిపోయింది. కింద చెక్కల ఊతం ఇంకా ఉంది. ఏడాదిగా రాళ్ళ బరువంతా ఆ ఊతమే మోస్తోంది. దాన్ని తీసే రోజున కట్టిన మేస్త్రి కమాను కింద ఒక్కడే నిలబడాలి. అది అక్కడి ఆచారం. మేస్త్రుల చేత జాగ్రత్తగా పని చేయించడానికి మనుషులు కనిపెట్టిన పద్ధతుల్లో ఇంతకన్నా సులువైనది నేను వినలేదు.

దొరసానమ్మ నకాషీల ఇంటి పెద్ద వీరభద్రయ్యను పిలిపించింది.

"మా వంశంల కట్టించినోళ్ళ పేర్లన్ని రాళ్ళ మీదున్నయి. కట్టినోని ముఖం ఒక్కటి గూడ లేదు. ఈ గవిని కట్టినోని ముఖం మాత్రం పైన గదిల ఉండాలె. కాశాచారి బొమ్మ రాయి."

వీరభద్రయ్య గొప్ప చేయి ఉన్నవాడు. పటం కథల్లోని దేవుళ్ళు, రాజులు, రాక్షసులు, దొంగలు ఆయన వేళ్ళ కొసన వరసగా నిలబడి ఉంటారు. రాజుకు ఒక మీసం, దొంగకు ఒక మీసం. మంచివాడి కన్ను తామర రేకు, చెడ్డవాడి కన్ను గుడ్లగూబది. ఆ లెక్క ఆయన తాతల నాటిది. బతికున్న ఫలానా మనిషిని ఫలానా మనిషిలా రాయమని ఆయన్ను ఎవరూ ఎన్నడూ అడగలేదు. అందువల్ల ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. ధైర్యవంతుడికి రాయాల్సిన ముఖం నా మీద రాశాడు. తామర రేకుల కళ్ళు, చెవుల దాకా మీసం, భుజకీర్తులు. చేతిలో గద ఉండాల్సిన చోట సుత్తి. నాలుగు రోజులు నేను మహావీరుణ్ణి. ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ ఇష్టమే.

దొరసానమ్మ నన్ను చూసి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"వీరభద్రయ్యా, ఈ సేనాపతి ఎవరు? మా కాశాచారి మీసం మీద సున్నం తప్ప ఏమన్న ఉంటదా?"

కొలువులో అందరూ నవ్వారు. ఆమె మరీ కఠినురాలు కాదు. ఇంకో అవకాశం ఇచ్చింది. ఊతం తీసే రోజుకు ఆరు రోజులుంది. ఆ రోజు గవిని ముందు కాశాచారి భార్య పుల్లమ్మకు బొమ్మ చూపిస్తారు. ఎవరిదని ముందుగా చెప్పరు. పుల్లమ్మ తన పెనిమిటిని గుర్తుపడితే నేను గవిని పై గదికి వెళతాను. గుర్తుపట్టకపోతే పొరుగు సంస్థానం చిత్రకారుడు వస్తాడు.

వీరభద్రయ్య ఇంటికి వచ్చి, తడిగుడ్డ పెట్టి, తాను తెరిచిన కళ్ళను, వాటితో పాటు ముఖమంతా తానే తుడిచాడు. అట్లాంటి పని ఆ ఇంట్లో అంతకుముందు జరగలేదు. ఆ రోజు ఎవరూ పాట పాడలేదు. సరిగానూ పాడలేదు, తప్పుగానూ పాడలేదు.

"నా చేతికి దేవుళ్ళొస్తరు, రాక్షసులొస్తరు," అన్నాడాయన గోడకు చేరగిలబడి. "మేస్త్రులు రారు."

కాశాచారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయొచ్చు కదా అంటారు మీరు. కాశాచారి కూర్చోడు. బతికున్నవాడి బొమ్మ రాస్తే వాడి ఆయుష్షు బొమ్మలోకి దిగిపోతుందని ఆయన గట్టి నమ్మకం. దొరసానమ్మ మాట కాదనలేడు. అందుకని చిత్రకారుడు ఎదురుపడితే చాలు, సున్నం ఆరిపోతోందని పరంజా ఎక్కేసేవాడు. కొన్ని వేల రాళ్ళ కింద ఒంటరిగా నిలబడటానికి సిద్ధపడ్డ మనిషి, మూరన్నర గుడ్డకు జడిసి తాటి ఎత్తున కూర్చునేవాడు. మనుషుల ధైర్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుబట్టలేదు.

మర్నాడు కనకవ్వ మామ ముందు నిలబడింది.

"మామా, నేను పోయి చూసొస్త."

"చూసి ఏం జేస్తవ్ బిడ్డా?"

"చూసినంక చెప్త."

ఆయనకు వద్దనే ఓపిక కూడా లేదు. ఆమె కాలి పట్టీలు తీసి సాంబయ్య చేతిలో పెట్టి, పాత చీర కట్టుకుని, గవిని దగ్గర సున్నం మోసే ఆడవాళ్ళలో కలిసిపోయింది. మూడు రోజులు నిజంగానే తట్టలు మోసింది. అక్కడ జరిగిందంతా ఆమె తర్వాత నా మీద గీస్తూ చెప్పింది. గీసేటప్పుడు మాట్లాడటం ఆమె అలవాటు.

సున్నం మోసేవాళ్ళలో పెద్దామె సాయవ్వ మొదటి రోజే పట్టుకుంది.

"ఏందే కొత్త పెండ్లిపిల్లా, అత్తోరింట్ల బువ్వ పెడ్తలేరా, సున్నం మొయ్యనొచ్చినవ్?"

"పెడ్తున్నరక్కా. అరగాలంటే ఏదో ఒకటి మొయ్యాలె గద!"

మొదటి రోజు కాశాచారి వీపు తప్ప ఏమీ కనబడలేదు. రెండో రోజు కింది నుంచి ముక్కు రంధ్రాలు, గడ్డం కనిపించాయి. మూడో రోజు ఆయన కమాను మొదలు చూసుకోవడానికి కిందికి దిగాడు. రెండు వేళ్ళ మధ్య దారం పట్టుకుని, గోడ నిలువు సరిచూసే తూకపు గుండు వేలాడదీశాడు. తల కాస్త పక్కకు వంచి, ఎడమ కన్ను మూశాడు.

అంతే. ఎడమ చెంప పైకి లేచింది. కంటి కొసన మూడు ముడతలు విచ్చుకున్నాయి. మీసం ఒక పక్క ఎగిరింది. పెదవి తెరుచుకుని పక్క పన్ను కనబడింది. తెరిచి ఉన్న కుడి కన్ను మాత్రం దారం వెంట నిటారుగా దిగింది. అంతదాకా ఆయనకు ఉన్నది ముఖం కాదని, ముఖానికి ముందుండే వాకిలి అని కనకవ్వ చెప్పింది. ఆ తర్వాత ఆమె ఆయన్ను వదల్లేదు. రాయి తెస్తే ఆ చూపే. కూలివాళ్ళు వరసగా నిలబడితే ఆ చూపే. చివరికి కనకవ్వ నెత్తి మీద తట్ట చూసి కూడా అదే చూపు.

"ఓ పిల్లా, తట్ట ఎడమకు ఒరిగింది."

"ఎంత ఒరిగింది మేస్త్రీ?"

"ఒడ్లగింజంత."

ఆ ఒడ్లగింజ మాట తలచుకుని ఆమె ఇల్లు చేరేదాకా నవ్వుకుంది. చేతులు కూడా సరిగా కడుక్కోలేదు. బొగ్గు తీసుకుని నా ముందు కూర్చుంది. ఒక్క ఊపున, చెయ్యి ఎత్తకుండా, వంచిన తల, ఎగిరిన మీసం, దారం పట్టిన రెండు వేళ్ళు గీసేసింది. బొగ్గుతో పాటు సున్నం కూడా కొంత నా మీద పడింది. అది ఇప్పటికీ చెంప దగ్గర ఉంది. ఎవరూ తుడవలేదు.

వీరభద్రయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు నేర్పిండ్రు ఈ గీత?"

"మా నాయన."

"మంచిగున్నది." ఆ మాట అనడానికి ఆయన గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. "గీత నీదే ఉండనీ. రంగు సాంబడు ఏస్తడు. కండ్లు నేను తెరుస్త."

"కండ్లు గూడ నేనే తెరుస్త మామా. ఆ చూపు చూసింది నేను."

పక్కగదిలో సాంబయ్య చేతిలోని రంగు గిన్నె కింద పడింది.

"ఈ ఇంట్ల నాలుగు తరాల సంది ఆడమనిషి కండ్లు తెరవలె," అన్నాడు వీరభద్రయ్య.

"నాలుగు తరాల సంది మేస్త్రి ముఖం గూడ రాయలె గద మామా."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తడిగుడ్డతో తుడిచిన చోటు నా మీద ఇంకా లేత ఎరుపుగా కనిపిస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"సరే. నువ్వే తెరువు. పుల్లమ్మ గుర్తువడితే ఇగ ఈ ఇంట్ల ప్రతి బొమ్మ కండ్లు నీయే. గుర్తువట్టకపోతే మాత్రం బతికినన్ని రోజులు జిగురు గిన్నెనే. కుంచె మాట మళ్ళ ఎత్తొద్దు."

"సరే మామా."

ఇంత పెద్ద మాటకు ఇంత చిన్న జవాబు చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. ఆమెకు అది ఉంది. నాకూ ఉంది. ఆమె చేతిలోంచే వచ్చింది.

రంగులు సాంబయ్య వేశాడు. ఎరుపు నేల, తెల్లటి తలపాగా, చామనచాయ ఒళ్ళు. మీసం మీద సున్నపు తెలుపు అద్దమని కనకవ్వ చెబితే చాలా బుద్ధిగా అద్దాడు. ఊతం తీసే రోజు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని తూర్పు ముఖంగా కూర్చుంది. రవికెలోంచి ఆ ఉడుత వెంట్రుకల కుంచె తీసింది. మామ ఆ కుంచెను చూశాడు. తర్వాత సాంబయ్యను చూశాడు. సాంబయ్య పైకప్పును చూశాడు.

ఆమె ఊపిరి బిగబట్టి నా కుడి కంట్లో నల్లగుడ్డు దిద్దింది. ఈ ముఖంతో లోకం నాకు మొదటిసారి అప్పుడే కనబడింది. మొదట కనబడింది ఆమె ముఖం. ముక్కు మీద మసి.

ఆ తర్వాత ఎడమ రెప్ప మీద ఒక్క గీత గీసి, కొసన మూడు ముడతలు పెట్టి, కుంచె నీళ్ళలో ముంచి కడిగేసింది.

"రెండోది?" అన్నాడు వీరభద్రయ్య.

"అయిపోయింది మామా."

"రెండో కన్ను తెరువు బిడ్డా. పొద్దెక్కుతున్నది."

"అది తెరిస్తే ఆయన కాదు."

"తెరవకుంటె అది బొమ్మనే కాదు!" ఆయన తన కుంచె తీసి చాపాడు. "సగం తెరిచిన బొమ్మను దొరసానమ్మ ముందుకు తీస్కపోతరా? మంచి పూట ఒంటికన్ను చూపిస్తరా ఎవరన్న? ఇగో, నా కుంచె పట్టు. ఒక్క చుక్క. ఒక్క చుక్క పెడితే చాలు."

ఒక్క చుక్క. దాంతో ఆమెను ఎవరూ తప్పు పట్టరు. అయితే ఆ చుక్క పెడితే నేను ఊళ్ళో ఏ మగవాడి ముఖమైనా అయిపోతాను. కనకవ్వకు అది తెలుసు. సాంబయ్య వైపు చూసింది.

సాంబయ్య తండ్రి కుంచె వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, నన్ను చూశాడు. చివరికి తలపాగా చుట్టుకున్నాడు. "తడి ఆరింది నాయనా. పోదాం పా," అని నన్ను చంకన పెట్టుకుని గడప దాటేశాడు. ఆ కుటుంబంలో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు అతనే. ఆ రోజు అవసరమైంది ఆ నాలుగు మాటలే.

గవిని ముందు ఊరంతా ఉంది. దొరసానమ్మ పందిరి కింద కూర్చుంది. కాశాచారి అప్పటికే కమాను కింద నిలబడి ఉన్నాడు. ఎదురుగా నా మీద కప్పిన గుడ్డను చూస్తుంటే ఆయనకు చెమటలు పట్టాయి. తలపైన రాళ్ళవైపు ఒక్కసారైనా చూడలేదు.

పుల్లమ్మను ముందుకు పిలిచారు. పొట్టి మనిషి, గట్టి నడక. ఏమి చూపిస్తారో ఆమెకు తెలియదు. సాంబయ్య గుడ్డ తీశాడు.

జనం మెడలు సాచారు. తర్వాత గుంపులోంచి ఎవరో, "అరె, ఒక కన్ను రాసుడు మర్చిపోయిండ్రు!" అన్నారు. నవ్వు లేచింది. వీరభద్రయ్య తల దించుకున్నాడు. కనకవ్వ దించుకోలేదు. పుల్లమ్మ ముఖం వైపే చూస్తోంది. నాకూ ఆమె ఒక్కతే కనబడుతోంది, ఒక కంటితో.

పుల్లమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. తల పక్కకు వంచింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అట్ల చూడకు!" అంది నా మీద విరుచుకుపడి. "అట్ల చూడకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పొద్దుగాల పెట్టిన రొట్టె గుండ్రంగనే ఉన్నది! ఎక్కడ వంకర వోయింది, చూపి! ముగ్గేస్తె ఇదే చూపు, కుండ బోర్లిస్తె ఇదే చూపు, పెండ్లి పీటల మీద నా బొట్టును గూడ ఇట్లనే చూసిండు ఈయన, నడుమకు లేదని!"

అప్పుడు తాను ఎక్కడ నిలబడిందో ఆమెకు గుర్తొచ్చి పమిట తల మీదికి లాక్కుంది. ఊరు ఊరంతా నవ్వింది. అది ఇందాకటి నవ్వు కాదు. దొరసానమ్మ ఈసారి పమిట అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

కమాను కింది నుంచి, నా వైపు చూడకుండానే, కాశాచారి అడిగాడు.

"ఎన్ని కండ్లు తెరిచిండ్రు?"

"ఒకటే!" అని జనం అరిచారు.

"ఒకటేనా? రెండోది తెరవలేదా?"

"లేదు!"

"గట్లయితె పని కాలే! బొమ్మ ఇంక పుట్టనే లేదు!" కాశాచారి నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "నా ఆయుష్షు నాతాననే ఉన్నది. కొట్టుండ్రి చీలలు!"

ఊతం కింది చీలల మీద సమ్మెటలు పడ్డాయి. చెక్కలు ఒక్కొక్కటిగా జారాయి. చివరి చెక్క పోయినప్పుడు కమాను ఒక్కసారి ఒడ్లగింజంత కిందికి దిగింది. రాయి రాయికి ఒరుసుకున్న చప్పుడు వినబడింది. సున్నం పొడి రాలింది. ఆ పొడిలో కాశాచారి తల పక్కకు వంచి, ఎడమ కన్ను మూసి, పైకి చూశాడు. కమాను బయట, ఆయనకు దగ్గరలోనే, నన్ను కూడా పట్టుకుని ఉన్నారు. ఎవరిని ముందు చూడాలో జనానికి కాసేపు తెలియలేదు.

కమాను నిలబడింది. ఆ మాటకొస్తే ఇప్పటికీ ఉంది.

పై పూత వేయడానికి నన్ను మూడు రోజులు మళ్ళీ ఇంటికి తెచ్చారు. కనుక ఆ మర్నాడు జరిగింది నేను కళ్ళారా, అంటే కంటారా, చూశాను. వీరభద్రయ్య రాసి పెట్టిన పొడుగాటి పటం ఒకటి ఉంది. పదకొండు ముఖాలు, ఒక్కదానికీ కళ్ళు లేవు. కనకవ్వ పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ జిగురు గిన్నె దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆ పటాన్ని తెచ్చి ఆమె ముందు పరిచాడు. తన కుంచె దాని మీద పెట్టి, కాలువ వైపు స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె పదకొండు జతల కళ్ళు తెరిచేదాకా తిరిగి రాలేదు. ఆ రోజు జిగురు సాంబయ్య కాచాడు. మాడ్చేశాడు. ఇల్లంతా వాసన. ఆమె పదకొండో ముఖం దగ్గర నవ్వాపుకోలేక ఆగిపోయింది. ఆ పటంలో చివరి రాక్షసుడికి కన్ను కాస్త చమక్కుమంటూ ఉంటుందని తర్వాత విన్నాను.

నన్ను గవిని పై గదిలో వేలాడదీశారు. కాశాచారి రోజూ కిందినుంచి వెళ్ళేవాడు. ఒక్కనాడూ తలెత్తి నన్ను చూడలేదు. ఎనభై మూడేళ్ళు బతికాడు. అదంతా తెరవని కన్ను చలవేనని అందరికీ చెప్పేవాడు. పుల్లమ్మ మాత్రం పండుగ పూట పైకి వచ్చి నన్ను తుడిచి, పనిలో పనిగా నాలుగు తిట్టి పోయేది.

కాశాచారి చనిపోయిన ఏడాది కనకవ్వ వచ్చింది. జుట్టు నెరిసింది. వెంట కొత్త కోడలు, ఆ పిల్ల చేతిలో రంగుల పెట్టె.

"అత్తా, మేస్త్రి తాత పోయిండు గద. ఇంక భయమేంది? ఆ రెండో కన్ను తెరుద్దామా?" అంది కోడలు. ఆ ఇంట్లో అప్పటికి కోడళ్ళు కళ్ళు తెరవడం మామూలైపోయింది.

కనకవ్వ నా దగ్గరికి వచ్చి నిలబడింది. అలా నిలబడినప్పుడు ఆమె ఊపిరి నా మీద తగిలింది.

"ఆయన భయానికి మూసి పెట్టలేదు బిడ్డా," అంది. "ఆయన అట్లనే చూసేటోడు. దుమ్ము తుడువు, చాలు."

ఆ తర్వాతి ప్రయాణం పొడుగైనదే కానీ చెప్పుకోదగ్గది తక్కువ. కావలివాళ్ళు నా చీలకు తలపాగాలు తగిలించారు. సంస్థానం పోయాక ఒక పెట్టెలో పట్టుబట్టల కింద పడుకున్నాను. పాతవస్తువులు అమ్మే ఒకాయన నన్ను హైదరాబాదు తీసుకెళ్ళి, యుద్ధంలో కన్ను పోగొట్టుకున్న సేనాపతినని చెప్పాడు. నేను మళ్ళీ కొన్నాళ్ళు వీరుణ్ణయ్యాను. కొన్న పెద్దమనిషి నన్ను భోజనాల గదిలో పెట్టాడు. వచ్చిన ఆడవాళ్ళు, "ఏమండీ, ఈయన మాకు కన్ను కొడుతున్నాడేంటి?" అని నవ్వేవారు. ఆయన భార్య నన్ను మెట్ల కిందికి మార్చింది. వాళ్ళ మనవలు మ్యూజియానికి ఇచ్చేశారు.

మ్యూజియంలో నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఒక చీటీ అంటించారు. 'అసంపూర్ణ చిత్రం. పద్దెనిమిదో శతాబ్దం. చిత్రించినది ఎవరో తెలియదు.'

పాత బొమ్మలు బాగుచేసే విభాగానికి ముకుందరావుగారు పెద్ద. ఆయన కింద సుచరిత అనే అమ్మాయి కొత్తగా చేరింది. కాలి వేళ్ళకు మెట్టెలు ఇంకా అలవాటు కాలేదు. నడుస్తూ మధ్యమధ్య ఆగి వాటిని సర్దుకునేది.

"సోమవారం కొత్త గ్యాలరీ తెరుస్తున్నారమ్మా," అన్నాడాయన. "ఎడమ కన్ను వేయకుండా వదిలేశాడు చూశావా, పాపం చిత్రకారుడికి ఏమైందో. కుడి కంటిని చూసి దానికి జతగా ఒకటి వేసేయ్. కావాలంటే రేపెప్పుడైనా తుడవొచ్చు. అలాంటి రంగే వాడదాం. గంట పని."

"ఒకసారి చూసి వేస్తాను సార్," అంది సుచరిత.

మళ్ళీ ఒక్క చుక్క దగ్గరికి వచ్చింది వ్యవహారం. ఈసారి అడ్డం చెప్పడానికి కనకవ్వ లేదు. నన్ను చంకన పెట్టుకుని గడప దాటడానికి సాంబయ్యా లేడు. నేను ఉన్నాను. నాకు నోరు లేదు, ఆ ఒక్క గీత ఉంది.

ఆమె రంగు కలుపుకుంది. కుంచె తీసుకుంది. కంటి దగ్గర గుడ్డ ఎలా ఉందో చూడటానికి చిన్న భూతద్దం కుడి కంటికి పెట్టుకుని నా మీదికి వంగింది. అద్దంలోంచి సరిగా చూడాలని తల కాస్త పక్కకు వంచి, ఎడమ కన్ను మూసింది.

నా రెప్ప మీది గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎక్కడా తడబాటు లేదు. మూడు ముడతలూ లెక్కపెట్టింది. పైకి లేచిన చెంప చూసింది. తన చెంప కూడా పైకి లేచి ఉందని అప్పుడు తెలిసిందేమో, అద్దం అలాగే పెట్టుకుని రెండో చేత్తో ఆ చెంపను తడుముకుంది. ఆ తర్వాత నా వేళ్ళ మధ్య దారం చూసింది.

పకపకా నవ్వింది. కుంచె కింద పెట్టేసి ఫోన్ అందుకుంది.

"ఏమండీ, మొన్న ఆదివారం వంటింట్లో షెల్ఫు బిగించేటప్పుడు ఒక ముఖం పెట్టారు చూడండి, నేను ఫోటో తీస్తే తిట్టారే, ఆ ఫోటో పంపండి. ఇప్పుడే. నవ్వను, ఒట్టు. ఇక్కడ మీకు అన్నయ్య ఒకాయన ఉన్నాడు!"

ముకుందరావుగారు వచ్చేసరికి కలిపిన రంగు ఎండిపోయి ఉంది.

"ఏమ్మా, కన్ను వేయలేదా?"

"ఆయన చూస్తున్నాడు సార్," అందామె. ఫోన్‌లో ఫోటో చూపించింది. ఆయన ఫోటోను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, ఎదుటి గోడ మీద వంకరగా వేలాడుతున్న క్యాలెండరు వైపు తల వంచి ఒక కన్ను మూసి చూశాడు. వెళ్ళి దాన్ని సరిచేశాడు.

సోమవారం నాటికి చీటీ మారింది. 'అసంపూర్ణ' అన్న మాట పోయింది. 'తూకపు గుండుతో మేస్త్రి' అని రాశారు. కింద చిన్న అక్షరాల్లో 'చిత్రించినది ఎవరో తెలియదు' అన్నది అలాగే ఉంది. సుచరిత దాని గురించి చాలా పుస్తకాలు వెతికింది, దొరకలేదు. నా ముందు నిలబడి సారీ కూడా చెప్పింది.

మీరు వచ్చినప్పుడు ఆ చీటీ చదవండి. చదివాక చుట్టూ ఎవరూ లేకపోతే, నన్ను రాసినామె పేరు ఒకసారి పైకి అనండి. మీకు తెలుసు కదా.